ట్రాన్స్‌ఫర్ బోర్డు రివ్యూ: ఏడాదిన్నర నేను వాడాక, ఇంకొంతమంది ఎక్కి చూశాక

ట్రాన్స్‌ఫర్ బోర్డు అంటే, నడవలేనివాళ్ళం ఒక సీటు మీంచి ఇంకో సీటు మీదికి మారడానికి (ట్రాన్స్‌ఫర్ అంటే అదే) మధ్యలో వేసుకునే పలక. ఈ బోర్డు నా దగ్గరకు వచ్చి ఏడాదిన్నర అయింది. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్ నుంచి కమోడ్‌కి, కారుకి, మళ్ళీ వెనక్కి, రోజూ దీని మీదే నా రాకపోకలు. కొన్న కొత్తలోనే రాద్దామనుకుని ఆగిపోయాను, ఎందుకంటే ఇలాంటి వస్తువు గురించి వారం వాడి చెప్పేదేమీ ఉండదు. భుజం ఏమంటుందో, కూర్చునే చోట చర్మం ఏమంటుందో తెలియడానికే నెలలు పడుతుంది.

పెట్టె మీద "సొంతంగా ట్రాన్స్‌ఫర్ అయ్యే వీల్‌చైర్ వినియోగదారులందరికీ" అని రాసి ఉంది. ఆ "అందరికీ" దగ్గరే నాకు పేచీ. సొంతంగా ట్రాన్స్‌ఫర్ అవుతాం అన్నది మా అందరి గురించీ నిజమే, కానీ ఎవరి ఒంట్లో ఏది పని చేస్తుంది, ఏది చేయదు అని చూస్తే మాలో ఏ ఇద్దరికీ పొంతన ఉండదు. అందుకే నా ఒక్కడి అనుభవం రాస్తే సరిపోదనిపించి, నెలకోసారి మేం వీల్‌చైర్ వాళ్ళం కలుసుకునే చోటికి బోర్డు తీసుకెళ్ళి, కావాలన్నవాళ్ళ చేత ఎక్కించి చూశాను. వాళ్ళు చెప్పింది కూడా ఇందులో ఉంది. పేర్లు రాయడం లేదు.

ముందు నా సంగతి. పదకొండేళ్ళ కిందట వెన్నుపాముకి దెబ్బ తగిలింది, వీపు పదో పూస దగ్గర, డాక్టర్లు టీ10 అంటారు. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కాళ్ళు కదలవు. చేతులు పూర్తిగా పని చేస్తాయి, నడుం పైన బ్యాలెన్స్ పరవాలేదు. అంటే బోర్డు అమ్మేవాళ్ళు బొమ్మలో చూపించే మనిషి సరిగ్గా నాలాంటివాడే. మొదటి తొమ్మిదేళ్ళు నేను బోర్డు ముట్టుకోలేదు. చేతుల మీద ఒళ్ళంతా లేపి ఒక్క ఊపులో అవతల వేసుకునేవాణ్ణి, అదే గొప్ప అనుకునేవాణ్ణి. ఫిజియో మొదట్లోనే చెప్పింది, బోర్డు అలవాటు చేసుకోమని. నేను వినలేదు. బోర్డు అంటే చేతకానివాళ్ళకి అనుకున్నాను, అది తప్పు, ఇప్పుడు కొత్తగా కుర్చీ ఎక్కిన ప్రతి కుర్రాడికీ ఈ మాట చెప్తున్నాను.

తొమ్మిదో ఏట కుడి భుజం మొదలుపెట్టింది. రాత్రిళ్ళు అటు పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి, పై అరలో గ్లాసు అందుకోబోతే నొప్పి. ఒక రోజు కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను, ఉదయం లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా 17 ట్రాన్స్‌ఫర్లు. అదీ మామూలు రోజు, ఎక్కడికైనా వెళ్ళే రోజైతే ఇంకా ఎక్కువ. భుజం కీలు చేయి చాచడానికి, ఎత్తడానికి, తిప్పడానికి పనికొచ్చే కీలు. ఒళ్ళు మోయడానికి తుంటి కీలు లోతుగా ఉన్నట్టు ఇది ఉండదు, గుంట చాలా లోతు తక్కువ, దాన్ని పట్టి ఉంచేది ఎక్కువగా చుట్టూ ఉన్న కండరాలూ, వాటిని ఎముకకి కట్టి ఉంచే తాళ్ళలాంటి స్నాయువులూ. చేయి లోపలికి తిరిగి, ఒంటికి దూరంగా పెట్టి, దాని మీద బరువంతా వేస్తే ఆ తాళ్ళు పైన ఎముక కింద నలుగుతాయి. ఒకసారి నలిగితే ఏమీ కాదు, రోజుకి 17 సార్లు తొమ్మిదేళ్ళు నలిగితే తెలుస్తుంది. కాళ్ళు పోయినవాడికి భుజం పోతే సొంతంగా అన్న మాటే పోతుంది. ఆ భయంతో కొన్నాను.

ఇక బోర్డు. 27 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ పలక, పైన నున్నటి పాలిష్. రెండు చివర్లూ పల్చగా చెక్కి ఉన్నాయి కాబట్టి తొడ కిందికి దూర్చడం తేలిక. రెండు పక్కలా చేయి పట్టే రంధ్రాలు. ఒక చివర చక్రం దగ్గర ఇరుక్కునేలా చిన్న గాడి. అడుగున రెండు చివరలా రబ్బరు ముక్కలు అంటించారు, జారకుండా. బరువు రెండు కిలోల లోపే, కుర్చీ వీపు వెనక సంచిలో పెట్టుకుని తిరగొచ్చు.

పాలిష్ బాగుంది, అతిగానే బాగుంది. కాటన్ ప్యాంటు మీద సాఫీగా జారుతుంది, జారే రకం గుడ్డ వేసుకుంటే మాత్రం మనం అనుకున్న చోట ఆగం. స్నానం దగ్గర పూర్తిగా వేరే కథ, ఒంటి మీద బట్ట లేకపోతే చర్మం పలకకు అతుక్కుపోతుంది. తడి చర్మం ఇంకా అన్యాయం. దిండు గలీబు ఒకటి బోర్డుకి తొడిగి దాని మీద జరిగితే సమస్య లేదు, కానీ ఈ ముక్క బోర్డుతో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. ఆ కాగితంలో ఉన్నది ఒకే మాట, "జారండి". స్పర్శ లేనివాళ్ళకి ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదని నా అభిప్రాయం. జారేటప్పుడు పై చర్మం పలకను పట్టుకుని ఆగుతుంది, లోపల ఎముక ముందుకు పోతుంది, మధ్యలో ఉన్న మాంసం, సన్నటి రక్తనాళాలు సాగి నలుగుతాయి. పైకి ఎర్రటి మచ్చ కూడా కనిపించకపోవచ్చు. పుండు లోపల, పిరుదు ఎముక దగ్గర మొదలై, బయటికి వచ్చేసరికి పెద్దదైపోయి ఉంటుంది. మామూలు మనిషికి మంట పుట్టి ఆగుతాడు, మాకు ఆ మంట తెలియదు. అందుకే బోర్డు మీద కూడా జారకూడదు. కొంచెం లేచి, నాలుగైదు అంగుళాలు జరిగి, దిగి, మళ్ళీ కొంచెం లేచి, అలా మూడు నాలుగు చిన్న గెంతుల్లో పోవాలి. బోర్డు పని మధ్యలో ఉన్న ఖాళీకి వంతెన కట్టడం, అలిసినప్పుడు కూర్చోవడానికి చోటివ్వడం. అంతవరకూ ఈ బోర్డు చాలా నమ్మకంగా చేస్తుంది.

నా పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కుర్చీని మంచానికి ఓ 30 డిగ్రీల వాలుగా పెడతాను. ముందు చిన్న చక్రాలు ముందుకు తిప్పి ఉంచుతాను, అలా ఉంటే కుర్చీ ముందుకు పడిపోదు. బ్రేకులు, రెండూ, చేత్తో తోసి చూస్తాను. అటువైపు ఆర్మ్‌రెస్ట్ తీసేస్తాను. పక్కకు ఒరిగి, తొడ కిందికి బోర్డు దూరుస్తాను, కనీసం మూడో వంతు నా కింద ఉండాలి, అవతల కూడా అంతే ఉండాలి. పాదాలు నేల మీద పెడతాను, ఇది చాలామంది వదిలేస్తారు, కాళ్ళు పని చేయకపోయినా వాటి బరువు నేల మోస్తే చేతుల మీద అంత తగ్గుతుంది. తర్వాత తల. నడుం ఎటు పోవాలో తల దానికి ఎదురు వైపు, ముందుకీ కిందికీ వంచాలి. తక్కెడ లాగా, తల ఇటు దిగితే పిరుదులు అటు లేస్తాయి. ఇది వచ్చాక నా భుజం మీద బరువు సగం తగ్గినట్టు అనిపించింది.

చేతుల విషయంలో రంధ్రాలు పనికొచ్చాయి, కానీ నేను అనుకున్నట్టు కాదు. అరచేయి పలక మీద చదునుగా పరిచి తోస్తే మణికట్టు పూర్తిగా వెనక్కి వంగుతుంది, ఆ వంపులో బరువు పడితే మణికట్టు సొరంగంలో నరం నొక్కుకుంటుంది, రాత్రి వేళ్ళు తిమ్మిరెక్కడం అక్కడి నుంచే. ఏదైనా అంచు పట్టుకుని, వేళ్ళు కిందికి వేలాడేలా పెడితే మణికట్టు నిటారుగా ఉంటుంది. అమెరికాలో కన్సార్షియం ఫర్ స్పైనల్ కార్డ్ మెడిసిన్ అనే, వెన్నుపాము వైద్యం మీద పనిచేసే సంస్థల బృందం 2005లో చేతులు, భుజాలు కాపాడుకోవడం మీదే ఒక మార్గదర్శకం ఇచ్చింది, వీలైనంత వరకు సమానమైన ఎత్తుల మధ్యే ట్రాన్స్‌ఫర్ అవ్వాలని, భుజం నలిగే భంగిమలు మానుకోవాలని అందులో ఉంటుంది. ఈ బోర్డు రంధ్రం మణికట్టుకి మంచిదే, కానీ బరువు వేసేటప్పుడు వేళ్ళు పలక అడుగుకి పోకూడదు. నావి ఒకసారి పోయాయి, రెండు వేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి. రంధ్రాలు పలక అంచుకి ఇంకో అంగుళం లోపలికి ఉండి, అడుగున కొంచెం ఎత్తు కాళ్ళు ఉంటే ఈ సమస్య రాదు.

ఎత్తుల మాట వచ్చింది కాబట్టి, బోర్డు కొంటే అన్నీ తీరతాయని అనుకోకండి. సమానంగా ఉంటే హాయి. కిందికి దిగడం తేలిక, కాకపోతే ఆగడం కష్టం. పైకి ఎక్కడం మాత్రం బోర్డుతో చాలా కష్టం, రెండు అంగుళాలు దాటితే పలక వాలు గోడలా అనిపిస్తుంది, లేచినంతా కిందికి జారిపోతాం. నా కుర్చీ సీటు కుషన్‌తో కలిపి 20 అంగుళాల దగ్గర ఉంటుంది. మా మంచం 23 ఉండేది, కాళ్ళు కోయించి 20కి దించాను, నా భుజానికి బోర్డు ఎంత మేలు చేసిందో ఆ మూడు అంగుళాలూ అంతే చేశాయి. వికలాంగుల సౌకర్యాల కోసం అమెరికా పెట్టుకున్న 2010 ప్రమాణాల్లో కమోడ్ సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉండాలని రాసుకున్నారు. ఎత్తు మార్చగలిగే ఆసుపత్రి పరీక్ష బల్లలకైతే 2017లో, కిందికి దించినప్పుడు ఉండాల్సిన కనీస ఎత్తు 17కీ 19కీ మధ్య ఎక్కడైనా సరే అని వదిలేసి, 2024లో 17 అంగుళాలకి ఖాయం చేశారు. రెండు అంగుళాలకి ఏడేళ్ళా అని నడిచేవాళ్ళకి అనిపించవచ్చు. ఆ రెండు అంగుళాల్లోనే ఎవరో ఒకరు సొంతంగా బల్ల ఎక్కడమో, ఇద్దరు మనుషులు పట్టి ఎత్తడమో తేలిపోతుంది.

ఇక మిగతావాళ్ళు.

మొదట ఎక్కింది మెడ దగ్గర, ఆరో పూస (సీ6) వద్ద దెబ్బ తగిలిన తమ్ముడు. చూసేవాళ్ళకి మేమిద్దరం ఒకటే, ఇద్దరిదీ వెన్నుపాము దెబ్బే. కానీ అతనికి మోచేయి చాచే కండరం పని చేయదు, వేళ్ళు మూయలేడు. మణికట్టు మాత్రం పైకి ఎత్తగలడు. అతను బరువు ఎలా మోస్తాడో చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. భుజాన్ని బయటికి తిప్పి, చేయిని వెనక్కి విసిరి, మోచేయి కీలుని ఎముకల మీదే నిటారుగా నిలబెట్టి తాళం వేసినట్టు బిగిస్తాడు. కండరం కాదు, ఎముక మోస్తుంది. ఆ తాళం జారితే ముఖం మీద పడిపోతాడు. వేళ్ళు చదునుగా పరచడు, పిడికిలిలా ముడిచే పెడతాడు, ఎందుకంటే అతనికి మణికట్టు ఎత్తినప్పుడు వేళ్ళు వాటంతట అవే ముడుచుకునే బిగువు ఒకటుంది, గ్లాసు పట్టుకునేది దానితోనే, వేళ్ళు సాగదీస్తే ఆ బిగువు పోతుంది. అలాంటి చేతులకి ఈ రంధ్రాలు ఎందుకూ పనికిరావు. బోర్డు ఒంటి కిందికి దూర్చుకోవడమే అతనికి పెద్ద పని. ఒక చివర మణికట్టు దూరేంత పట్టీ ఉంగరం కుట్టి ఉంటే లాక్కోగలనన్నాడు. నేను పాత బ్యాగు పట్టీ ఒకటి రంధ్రంలోంచి తిప్పి కట్టిచ్చాను, పనిచేసింది. మొత్తం ట్రాన్స్‌ఫర్‌కి నాలుగు నిమిషాలు పట్టింది. నాకు 40 సెకన్లు. అయినా ఈ బోర్డు నాకంటే అతనికే ఎక్కువ విలువైనది, ఎందుకంటే బోర్డు లేకపోతే నాకు భుజం నొప్పి, అతనికి వేరే మనిషి కావాలి.

ఇంకో జాగ్రత్త కూడా అతనే చెప్పాడు. వీపు ఆరో పూస దగ్గర గానీ అంతకంటే పైన గానీ దెబ్బ ఉన్నవాళ్ళకి, స్పర్శ లేని చోట ఏదైనా నలిగినా గిల్లుకున్నా బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు, తలపోటు, చెమటలు, అది ప్రాణం మీదికి వచ్చే విషయం. బోర్డుకీ కుర్చీకీ మధ్య తొడ చర్మం ఇరుక్కుంటే నాకు గాయం, అతనికి ఎమర్జెన్సీ. తొడ ఎత్తి, చూసుకుని దూర్చాలి, తోసెయ్యకూడదు.

పోలియో ఉన్న పెద్దాయన ఒకరున్నారు, అరవై దాటాయి. ఆయన దాదాపు నలభై ఏళ్ళు కర్రల మీద నడిచారు, ఇప్పుడు పదేళ్ళుగా కుర్చీ. పోలియో కండరాల్ని కదిలించే నరాలనే దెబ్బతీస్తుంది, స్పర్శను ముట్టుకోదు. కాబట్టి పుండ్ల భయం మాకున్నంత ఆయనకి లేదు, నొప్పి తెలుస్తుంది, తెలిసి జరుగుతారు. ఆయన సమస్య వేరు. చిన్నప్పుడు బతికి బయటపడ్డ నరాలే మిగతావాటి పని కూడా నెత్తిన వేసుకుని దశాబ్దాలు మోశాయి, ఇప్పుడు అవి అలిసిపోతున్నాయి. దీన్నే పోస్ట్ పోలియో అంటారు. బలం కోసం వ్యాయామం చేయండి అని ఎవరో చెబితే కష్టపడి చేసి, ఇంకా నీరసపడ్డారట. "నేను చేయగలను బాబూ, కానీ ఇవాళ చేస్తే రేపు చేయలేను" అన్నారు. బోర్డు మీద రెండుసార్లు అటూ ఇటూ వెళ్ళి, దిగి, "ఇది ముప్పై ఏళ్ళ కిందట కొనాల్సింది" అన్నారు. వెన్ను ఒక పక్కకి వంగి ఉంటుంది కాబట్టి ఎడమ వైపు వెళ్ళడం తేలిక, కుడి వైపు వెళ్ళేటప్పుడు ఒరిగిపోతున్నారు, అంతే తేడా. ఆయన వెంటనే ఆర్డర్ పెట్టించుకున్నారు.

తొడల పైనుంచి రెండు కాళ్ళూ తీసేసిన అబ్బాయికి మాత్రం ఇది నచ్చలేదు. అతని చేతుల బలం మా అందరిలోకీ ఎక్కువ. కానీ కాళ్ళ బరువు లేకపోవడం వల్ల ఒంటి బరువంతా వెనక్కి పోతుంది, మామూలు కుర్చీలో కూర్చుంటే అది వెనక్కి ఒరుగుతుంది, అందుకే అతని కుర్చీకి పెద్ద చక్రాల ఇరుసు వెనక్కి జరిపి బిగించి ఉంటుంది. ఇరుసు వెనక ఉంది కాబట్టి చక్రం కూడా వెనకే ఉంది, ఇక మా బోర్డు గాడి ఎక్కడ ఇరుకుతుంది? ఇరకలేదు. ఇంకా ముఖ్యంగా, తల ముందుకు వంచితే నేల మీద పాదాలు ఆనించుకునే దారి లేదు కాబట్టి ముందుకు బోర్లా పడతానేమోనన్న భయం. అతను కుర్చీని మంచానికి ఎదురుగా ముట్టించి, ముందుకే నేరుగా మంచం మీదికి పోతాడు, వచ్చేటప్పుడు వెనక్కి. ఆ పద్ధతికి పక్కగా పెట్టే 27 అంగుళాల పలక అడ్డం తప్ప ఉపయోగం లేదు. అతను అడిగింది ఒక చిన్న వెడల్పాటి పలక, కుర్చీ సీటుకీ మంచానికీ మధ్య సందు మూసేంత. అలాంటిది ఈ కంపెనీ చెయ్యదు.

పక్షవాతం వచ్చిన అక్కకి ఈ బోర్డు ఇవ్వకండి. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, ఎడమ రెండూ బాగున్నాయి. ఆవిడ లేచి నిలబడి, మంచి కాలు మీద తిరిగి, కూర్చుంటారు. సొంతంగానే. బోర్డు మీద వెళ్ళడానికి రెండు చేతులు కావాలి, ఆవిడకి ఉన్నది ఒకటి, అది కూడా పట్టుకోవడానికి ఉండాలి. బోర్డు కాళ్ళకి అడ్డం వచ్చి పడిపోబోతే నేను భయపడ్డాను. ఆవిడకి కావాల్సింది గోడకి గట్టిగా బిగించిన కడ్డీ, అదీ ఎడమ పక్కన. ఒక విషయం ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు: వెళ్ళేటప్పుడు మంచి చేయి పక్కకు వెళ్తారు, తిరిగి వచ్చేటప్పుడు అదే గదిలో అదే కుర్చీ పడిపోయిన చేయి పక్కన ఉంటుంది. అందుకని ఆవిడ కమోడ్ దాకా వెళ్ళగలరు, రావడానికి కూతుర్ని పిలవాలి. కమోడ్‌కి రెండు వైపులా కుర్చీ పట్టే చోటుంటే ఎవర్నీ పిలవక్కర్లేదు. ఆ బాత్రూము కట్టిన మనిషి ఎవరో గానీ సగం దూరమే ఆలోచించాడు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాల పై పొర దెబ్బతినే జబ్బు) ఉన్నావిడ పొద్దున తేలిగ్గా దాటింది. సాయంత్రం అయితే, ఎండగా ఉంటే, తన వల్ల కాదని చెప్పింది, ఒళ్ళు వేడెక్కితే నరాల సంకేతాలు ఇంకా మందగిస్తాయి. "సొంతంగా చేసుకుంటావా" అని ఫారంలో అడిగితే ఎన్ని గంటలకి అని అడగాలనిపిస్తుందట. సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) ఉన్న అబ్బాయికి మధ్యలో స్పాజమ్ వచ్చి కాళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి, బోర్డు జరిగింది, పక్కనే ఉన్నాం కాబట్టి సరిపోయింది. స్పాజమ్ ఎక్కువ ఉన్నవాళ్ళు మొదటి కొన్నిసార్లు ఎవరైనా దగ్గర ఉండగానే ప్రయత్నించండి.

స్పైనా బిఫిడాతో, అంటే వెన్ను పూర్తిగా మూసుకోకుండా పుట్టిన చెల్లెలు బోర్డు ఎక్కనే లేదు. చేతిలోకి తీసుకోకముందే అడిగింది, అడుగున రబ్బరు ముక్కల్లో లేటెక్స్, అంటే సహజ రబ్బరు, ఉందా అని. స్పైనా బిఫిడా ఉన్నవాళ్ళకి పసితనం నుంచి ఆపరేషన్లు, రబ్బరు గొట్టాలు, గ్లౌజులతోనే గడుస్తుంది కాబట్టి చాలామందికి లేటెక్స్ ఎలర్జీ వస్తుంది, కొందరికి ఊపిరాడనంత. నాకు తెలియదన్నాను. పెట్టె మీద చూశాం, కాగితంలో చూశాం, ఎక్కడా లేదు. "అయితే వద్దులే అన్నా" అని బోర్డు వైపు చూస్తూ కుర్చీ వెనక్కి తీసుకుంది. కంపెనీకి ఒక్క లైను ఖర్చు. వికలాంగులకే అమ్మే వస్తువు మీద ఆ లైను లేకపోవడం నాకు చాలా బాధగా అనిపించింది.

మన్నిక సంగతి. ఎనిమిదో నెలలో ఒక రబ్బరు ముక్క ఊడింది, మళ్ళీ అంటించుకున్నాను, రెండోసారీ ఊడింది. మధ్యలో పాలిష్ అరిగింది. స్నానం దగ్గర వాడటం వల్ల ఒక అంచు దగ్గర ప్లై పొరలు కొంచెం ఉబ్బాయి, ఆ అంచుని వారానికోసారి చేత్తో తడిమి చూస్తాను, పేడు లేస్తే తొడలోకి గుచ్చుకున్నా నాకు తెలియదు కదా. నీళ్ళ దగ్గరకి ప్లాస్టిక్ బోర్డు వేరే పెట్టుకోవడమే మేలు. గాలి నింపే కుషన్ వాడేవాళ్ళకి ఇంకో మాట, పలక చివర కుషన్‌లోకి దిగిపోయి అవతలి వైపు పైకి లేస్తుంది, కుషన్ అంచు మీద కాకుండా ఇంకా లోపలికి పెట్టాలి. కారుకి 27 అంగుళాలు నాకు సరిపోయింది, సీటుకీ కుర్చీకీ మధ్య పెద్ద చక్రం వల్ల వచ్చే ఖాళీ దాటిపోతుంది. ఎక్కాక బోర్డు తొడ కింద మర్చిపోయి ప్రయాణం చెయ్యకండి.

నేను పడింది కూడా చెప్పాలి, తప్పు బోర్డుది కాదు, నా తొందరది. ఫోను మోగుతోందని, అవతల మంచం మీద రెండు అంగుళాలు మాత్రమే ఆనేలా పెట్టి బరువు వేశాను. పలక ఎగిరింది, నేను మంచానికీ కుర్చీకీ మధ్య కూలబడ్డాను, ఎడమ పాదం కింద మడతపడింది. నొప్పి లేదు కాబట్టి లేచి పని చేసుకున్నాను. సాయంత్రం సాక్సు తీస్తే చీలమండ వాచి వేడిగా ఉంది. ఎక్స్‌రేలో ఎముక విరిగింది. ఏళ్ళ తరబడి బరువు మొయ్యని కాలి ఎముకలు గుల్లబారతాయి, చిన్న మెలికకే విరుగుతాయి, విరిగినా మనకి కబురు రాదు. అప్పటి నుంచి పడినా, జారినా, ఏమీ కాలేదనిపించినా ఆ రోజంతా రెండు మూడుసార్లు కాళ్ళు విప్పి చూసుకుంటున్నాను. మీరూ చూసుకోండి. ఎముకలు పెళుసుగా పుట్టినవాళ్ళు ఉంటే ఈ బోర్డు ఆలోచించే ముందు ఫిజియో దగ్గర కూర్చుని మాట్లాడాల్సిందే.

భుజం ఇప్పుడు ఎలా ఉందని అడుగుతారు. పూర్తిగా తగ్గలేదు. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోగలుగుతున్నాను, ఆరు నెలల తర్వాత మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను. బోర్డు ఒక్కదాని వల్లే అనను, మంచం ఎత్తు దించాను, 17 ట్రాన్స్‌ఫర్లని బట్టలు మంచం మీదే మార్చుకోవడం లాంటివాటితో 12కి తగ్గించాను, ముందు పెట్టే చేయి మారుస్తున్నాను, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ.

నాలాగా రెండు కాళ్ళూ చచ్చుబడ్డ (పారాప్లీజియా) వాళ్ళకి, పోలియో ఉన్నవాళ్ళకి 5కి 4 ఇస్తాను, కొనండి, భుజం నొప్పి వచ్చేదాకా ఆగకుండా కొనండి. మెడ దెబ్బ ఉన్నవాళ్ళు పట్టీ కట్టుకుంటే 4, కట్టుకోకపోతే 2. రెండు కాళ్ళు లేనివాళ్ళు, ఒక పక్క పడిపోయినవాళ్ళు దీని మీద డబ్బు పెట్టకండి, మీకు కావాల్సింది వేరే. కొనే ముందు మీ కుర్చీ సీటు ఎత్తు కుషన్ మీద కూర్చుని కొలవండి, కూర్చుంటే కుషన్ దిగుతుంది, తర్వాత మంచం, కమోడ్, కారు సీటు ఎత్తులు కొలవండి, వాటిలో ఏ రెండింటి మధ్యనైనా తేడా రెండు అంగుళాలు దాటితే ముందు అది సరిచేయించండి.

రబ్బరు ముక్కల్లో లేటెక్స్ ఉందా అని కంపెనీకి రాశాను, పట్టీ ఉంగరం కొలత కూడా బొమ్మ గీసి పంపాను. జవాబు వస్తే ఇక్కడే కింద చేరుస్తాను, ఆ చెల్లెలు అడుగుతోంది.